అర శాతం పంతం

ఆ శరదృతువులో మా ఎదురింటి ముందు గడ్డిలో రెండు బోర్డులు లేచాయి. ఎడమవైపు "పన్ను వద్దు" అని, కుడివైపు "కొలను కావాలి" అని. మొదటిది వెండెల్ టోలెఫ్సన్ పాతాడు. రెండోది ఆయన భార్య ఆర్లిస్ పాతింది. ఇద్దరూ వాడింది ఒకే సుత్తి.

మా బిర్చ్‌వేల్ నగరపు ఈతకొలను పైకప్పు కారుతోంది. కొత్త కప్పు వేయాలంటే ఊళ్ళో అమ్మకం పన్ను అర శాతం పెంచుకోవాలి. పెంచాలో వద్దో నవంబరు ఎన్నికల్లో మీరే తేల్చండని నగర సభ మాకు వదిలేసింది.

వెండెల్‌ది హార్డ్‌వేర్ కొట్టు. పెద్ద రోడ్డు దాటితే లార్క్‌ఫీల్డ్ నగరం. అక్కడా అలాంటి కొట్టే ఉంది, ఈ అర శాతం మాత్రం లేదు. ఆయన దిగులు ఊరికే పుట్టింది కాదు.

నగర సభ వాళ్ళు జనాన్ని పిలిచి మాట్లాడమన్న రోజున నేనూ వెళ్ళాను. వెండెల్ లేచి, టోపీ తీసి చేత్తో నలుపుతూ అన్నాడు.

"పన్ను వేస్తే జనం మేకు కొనాలన్నా రోడ్డు దాటతారు. తర్వాత నన్ననకండి."

ఆయన కూర్చోకముందే ఆర్లిస్ లేచింది.

"పాలకీ రొట్టెకీ ఈ పన్ను లేదు. ఇక మేకుల సంగతంటారా, జనవరి మంచులో నాలుగు సెంట్ల కోసం ఆ రోడ్డు దాటేవాళ్ళెవరో చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"నువ్వెత్తవేం వెండెల్? పోయిన వారం పెట్రోలు అక్కడే కదా పోయించుకొచ్చావు!"

"అది వేరే సంగతి" అన్నాడు వెండెల్, చెవులు ఎర్రబడుతుండగా. ఆ నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది.

అంత నవ్వినవాళ్ళే తీరా ఓటు దగ్గర కొద్ది తేడాతో పన్ను వద్దన్నారు. ఆర్లిస్ తన బోర్డు తనే పీకేసి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

"అరిచినా బాగుండేదయ్యా. రాత్రి మాంసం కూర కూడా మామూలుగానే వండింది. నాకదే భయంగా ఉంది" అని నాతో వాపోయాడు వెండెల్.

కప్పుకి డబ్బు లేక కొలనుకు తాళం పడిన మర్నాడే ఆ భయం నిజమైంది. ఆర్లిస్, ఆమె స్నేహితురాలు డొలోరెస్, ఇంకా ఆరేడుగురు ఆడవాళ్ళు రోజూ పొద్దున్నే ఆ నీళ్ళలో కసరత్తు చేసేవారు. వాళ్ళంతా కుర్చీలు పట్టుకుని వెండెల్ కొట్టు వెనక గదిలోకి దిగారు. రంగు డబ్బాలన్నీ ఓ మూలకు జరిగాయి. పాటలు మొదలయ్యాయి.

"ఇది వ్యాపారం చేసుకునే చోటు!" అన్నాడు వెండెల్.

"ఈ కొట్టు కట్టించింది మా నాన్న. కాస్త పక్కకి జరుగు, చేతులు చాపాలి" అంది ఆర్లిస్.

వెండెల్ జరిగాడు. చలికాలమంతా జరుగుతూనే ఉన్నాడు. కొళాయి కోసం వచ్చినవాళ్ళు ముందు పాట విని, తర్వాత వెండెల్ ముఖం చూసి, నవ్వాపుకోలేక బయటికి పోయి నవ్వి వచ్చేవారు.

కానీ ఆయన ఇంకొకటి కూడా చూస్తున్నాడు. డొలోరెస్‌కి మోకాలి ఆపరేషన్ అయింది. కొలను ఉన్నప్పుడు కర్ర లేకుండా నడిచేది. కుర్చీ కసరత్తు ఆ కాలికి చాలలేదు. మంచు కరిగే నాటికి కొట్టులో పారల అరను పట్టుకుని, ఆగి ఆగి నడుస్తోంది. ఒకరోజు వెండెల్ చెయ్యి అందించబోయాడు.

"వద్దులే. నువ్వు గెలిచినవాడివి, నీకెందుకు శ్రమ" అందామె నవ్వుతూ.

ఆమె హాస్యానికే అంది. వెండెల్ మాత్రం ఆ పూట భోజనం చేయలేదని తర్వాత ఆర్లిస్ చెప్పింది.

ఆ వారమే ఆయన నగర సభకు వెళ్ళి, మళ్ళీ ఓటు పెట్టమని అడిగాడు. "నేను చెప్పింది తప్పని ఒప్పుకోను. నా గది నాకు కావాలి, అంతే" అన్నాడట.

తర్వాతి ఎన్నికలకు ఇంటింటికీ తిరిగాడు. మా తలుపు తట్టినప్పుడు నేను ఊరుకుంటానా?

"మేకు కోసం రోడ్డు దాటతారని ఎవరో అన్నారే?"

"దాటితే దాటనీ. ఓటేస్తావా వెయ్యవా?"

వేశాను. చాలామందే వేశారు. పన్ను నెగ్గింది. మొదట్లో ఇద్దరు ముగ్గురు వడ్రంగులు నిజంగానే లార్క్‌ఫీల్డ్‌కు పోయారు. వాళ్ళ పేర్లు వెండెల్ ఎవరికీ చెప్పలేదు, ఆర్లిస్‌కి తప్ప. ఆమెకు మాత్రం రోజూ చెప్పాడు.

కొలను మళ్ళీ తెరిచిన రోజు మేమంతా వెళ్ళాం. వెండెల్ బూట్లు చేత పట్టుకుని, గట్టున నిలబడి కొత్త కప్పుకేసి అనుమానంగా చూస్తున్నాడు.

"పైకి కాదు, ఇటు చూడు" అని ఆర్లిస్ ఆయన మోచేతిని లాగింది.

డొలోరెస్ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే నీళ్ళలోకి దిగింది. నడుం దాకా నీరు రాగానే కమ్మీ వదిలేసింది. ఎవరి సాయమూ లేకుండా, నెమ్మదిగా, అవతలి గట్టు దాకా నడిచింది.

వెండెల్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టబోయి బూట్లు రెండూ నీళ్ళలో పడేశాడు.