చెక్క మీది చెయ్యి

రోలర్ కింద సిరా చిటపటమంటోంది.

బయట సన్నగా వాన. రెండు చప్పుళ్ళూ ఒకటే.

మిగతా రోజుల్లో ఈ గది నాది. చెక్క మీద వానను చెక్కుతాను, వానను అచ్చు తీస్తాను... ఎన్నేళ్ళయినా వాన మీద మోజు తీరదు.

బుధవారం మాత్రం గది వాళ్ళది. ఎనిమిది మంది ఆడవాళ్ళు. నోటితో చెప్పుకోలేనిది ఉలితో చెప్పుకోవడానికి వస్తారు. మా అన్నయ్య వ్యాన్లో తీసుకొస్తాడు, సాయంత్రం వ్యాన్లోనే దింపుతాడు. ఆఖరున దిగేది చిన్నది.

చిన్నదానికి పంతొమ్మిదేళ్ళు. వచ్చిన కొత్తలో గలగలా మాట్లాడేది. ఆరు నెలలుగా మాట లేదు. దాని వంతు కూడా వేరే వీధిలో ఉండే వాళ్ళ పిన్నే మాట్లాడుతుంది. ఈ గదిలో అందరికీ ఆవిడ పిన్నే.

ఇన్నాళ్ళూ చిన్నది సిరా కలిపేది, అంతే. ఇవాళ మొదటిసారి ఉలి పట్టింది.

ఒక తలుపు చెక్కింది. తలుపు సందులోంచి లోపలికి వస్తున్న ఒక చెయ్యి. కింద మూలన తన పేరు.

చెక్కకు సిరా రాసి, ప్రెస్సులో అచ్చు తీసి కాగితం ఎత్తాను.

కుడి చెయ్యి. చిటికెన వేలు లేదు.

పిన్ని వంగి, పరీక్షగా చూసి, గుండె మీద చెయ్యి వేసుకుంది.

"కుడి చెయ్యిలే. మీ అన్నయ్యకి లేనిది ఎడమ చేతి వేలు కదా. నా పై ప్రాణాలు పైనే పోయాయమ్మా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు చూశాను, మూలన ఉన్న పేరు.

అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి.

కొత్తవాళ్ళంతా చేసే తప్పే. అచ్చులో ఎడమ కుడి అవుతుంది, అందుకే బొమ్మను తిప్పి చెక్కాలి. చిన్నది తిప్పలేదు. చూసింది చూసినట్టు చెక్కింది.

చెక్కను చేతిలోకి తీసుకున్నాను. పేరు తిన్నగా ఉంది.

చెయ్యి ఎడమది.



ఆ వేలు పోయింది ఈ ప్రెస్సు కిందే. అప్పుడు నాకు పదేళ్ళు. చక్రం తిప్పింది నేను. నాన్న అడిగితే, తానే తిప్పుకున్నానని చెప్పాడు అన్నయ్య. ఏడుస్తూ కూడా నా పేరు చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు...

చెక్కను చదవడం ఈ గదిలో నాకొక్కదానికే వచ్చు. నేను నోరు మూసుకుంటే చాలు. అందరూ వ్యానెక్కి వెళ్ళిపోతారు.

చిన్నది కాగితం వైపు చూడటం లేదు. నా వైపు చూస్తోంది.

బయట హారన్ మోగింది. ఆడవాళ్ళు చేతులు కడుక్కుని సంచులు అందుకున్నారు. చిన్నది కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

వెళ్ళి తలుపు గడియ వేశాను.

"పిన్నీ, కాగితం కాదు. ఇది చూడు," అన్నాను, చెక్క ఆవిడ చేతిలో పెట్టి. "ఇదే అసలు చెయ్యి."

ఆవిడ చూసింది. పేరు చూసింది. మళ్ళీ చెయ్యి చూసింది. నవ్వు ఎటు పోయిందో పోయింది.

తలుపు మీద దెబ్బ.

"ఏమే, తలుపు వేశావేంటి? తడిసిపోతున్నాను, తియ్యి."

చిన్నప్పటి గొంతే. నన్ను ఎత్తుకుని తిప్పినవాడి గొంతే.

మళ్ళీ దెబ్బ. ఈసారి గట్టిగా. వెళ్ళి గడియను పట్టుకున్నాను.

వాన పెరిగింది. నాకు భయంగా ఉంది — అన్నయ్యంటే, ఈ తలుపు అవతల నాకిక ఏం మిగులుతుందోనంటే.

గడియ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.