పాత శ్రుతే

ఫోన్‌లో మోర్ట్ జెల్నిక్ అడిగింది ఒకటే ప్రశ్న.

"ఆఖరి పాట ఏ శ్రుతిలో రాయను?"

లిడియా వేన్ చెప్పాల్సిందీ ఒకటే ముక్క. నా గొంతు దిగింది, మూడు మెట్లు దించి రాయి, అనాలి. అంటే ప్రాణం పోతుందా? పోదు. కానీ అడిగినవాడు మోర్ట్ అయి కూచున్నాడు. తొమ్మిదేళ్ళు కాపురం చేసి, మూడేళ్ళ కింద విడాకులు పుచ్చుకున్న మొగుడు. ఊళ్ళో ఎవరి ముందైనా తల వంచగలదు గానీ ఆ మనిషి ముందు వంచడమంటే లిడియాకి చావొచ్చినట్టే.

"పాత శ్రుతే. నీకు తెలుసుగా," అంది.

అవతల పెన్సిలు కింద పెట్టిన చప్పుడు. "మా వాయిద్యాలవాళ్ళ యూనియన్ హాల్లో పియానో ఖాళీగా ఉంటుంది. ఓసారి వస్తావా, చూసుకుందాం?"

"దేనికి? పదిహేడేళ్ళుగా పాడుతున్న పాటకి ఇప్పుడు కొలతలు తీస్తావా? దర్జీవా నువ్వు?"

"సరే," అన్నాడు మోర్ట్.

సరే అని ఊరుకోవడం అతని జాతకంలోనే లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. అలాంటివాడు ఒక్క మాటకి సరే అన్నాడంటే ఎక్కడో ఏదో ఉందని లిడియాకి అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి పోయి, నిమ్మకాయ పిండిన టీ కాచుకుని, గొంతు సవరించుకుని ఆ పాట పైస్థాయి ఒకసారి ప్రయత్నించింది. అందలేదు. కిటికీ మూసి మళ్ళీ ప్రయత్నించింది. కిటికీ మూస్తే మాత్రం అందుతుందా?

ఆ పాట ముచ్చట చెప్పాలి. యుద్ధానికి ముందు బ్రాడ్వేలో ఆడిన ఒక సంగీత నాటకంలోది. పిల్లా పిల్లాడూ సినిమా చూసి ఇంటికి నడిచి వస్తుంటారు. పిల్ల ఇల్లు వచ్చేస్తుంది. లోపలికి వెళ్ళబుద్ధి కాదు. "ఇల్లొచ్చింది, అయినా ఇంకో వీధి నడుద్దాం" అని పాడుతుంది. ఆ "ఇంకో" దగ్గర గొంతు పైకి ఎగరాలి. ఆ ఎగురుడు లేకపోతే పాట లేదు.

లిడియా అప్పటికి గుంపులో వెనక వరసలో గంతులేసే పిల్ల. నెవార్క్‌లో రొట్టెల బట్టీవాడి కూతురు. మోర్ట్ బ్రాంక్స్ నుంచి వచ్చిన, చొక్కా నిండా సిరా మరకలున్న రిహార్సల్ పియానోవాడు. కథానాయికకి కడుపునొప్పి వచ్చి ఆస్పత్రి పాలైతే, ఆ సాయంత్రానికి లిడియాని ముందుకు తోశారు. మోర్ట్ పియానో ముందు కూచుని "ఎంత?" అన్నాడు. మన హార్మోనియం లెక్కలో చెప్పాలంటే, "నాలుగు," అంది లిడియా, భయం లేకుండా. మర్నాటికి ఊరంతా ఆ పిల్ల ఎవరని అడిగింది. ఆ పాట ఆవిడదైపోయింది, ఆ శ్రుతి ఆవిడదైపోయింది, ఆ పియానోవాడూ ఆవిడవాడే అయ్యాడు.

వాళ్ళు విడిపోయిందీ శ్రుతి దగ్గరే. షికాగోలో ఒక హోటల్లో కచేరీ. లిడియాకి జలుబు. మోర్ట్ ఆవిడతో ఒక్క మాటైనా అనకుండా పాటని ఒక మెట్టు దించి వాయిద్యాలవాళ్ళకి పంచాడు. మొదటి తీగ మోగగానే లిడియా పసిగట్టింది. భోంచేస్తున్న పెద్దమనుషులందరూ వినేలా, "క్షమించండి, ఇది నా పాట కాదు, మా ఆయన కొత్తగా రాసింది," అని పాట ఆపేసింది. గదికొచ్చాక చెప్పులు ఎగిరాయి.

"నా గొంతు ముసలిదయిందని తేల్చడానికి నువ్వెవరు?"

"నీ మంచికే చేశాను."

"తప్పయిందని ఒక్క మాట అను, చాలు."

"తప్పయితేగా అనడానికి?"

ఆవిడా అనలేదు, అతనూ అనలేదు. తొమ్మిదేళ్ళలో ఆ మాట ఇద్దరి నోటి నుంచీ వచ్చిన పాపాన పోలేదు. దొందూ దొందే. సామాను పంచుకునే రోజున పంతం కొద్దీ పియానో వాయించడం రాని లిడియా పియానో పట్టుకుపోయింది. అచ్చం అదే పంతంతో, ఆవిడ తన పాటలు వినుకునే టేపు మెషీను మోర్ట్ పట్టుకుపోయాడు. అవతలివాళ్ళకి ఏది కావాలో చూసి మరీ పట్టుకుపోయారు. ఇద్దరూ హాయిగా ఉన్నామని అందరితో చెప్పుకున్నారు.

ఇప్పుడు రికార్డు కంపెనీవాళ్ళకి గిటార్లు ఊపే కుర్రాళ్ళు కావాలి. నలభై ఒక్కేళ్ళ లిడియా వేన్ ఎవరికి కావాలి? పాత నాటకాల పాటలతో ఒక పెద్ద రికార్డు చేయిద్దాం, అది ఆడితే ఒప్పందం ఉంటుంది, లేకపోతే సెప్టెంబరుతో సరి, అన్నారు. ఆఖరి పాటగా "ఇంకో వీధి" ఉండి తీరాలన్నారు. దానికి వాయిద్యాల భాగాలు రాయడానికి మోర్ట్‌నే పిలవమని అడిగింది మాత్రం లిడియా. ఎందుకంటే అంతకంటే బాగా రాసేవాడు న్యూయార్క్‌లో లేడు. ఆ మాట అతని ముందు అనమంటే అనదు, అది వేరే సంగతి.

స్టూడియో ఒకప్పుడు చర్చి. పైకప్పు ఆకాశమంత ఎత్తు. జూన్ నెల, రికార్డింగు దీపం వెలిగితే చప్పుడు పడుతుందని ఫ్యాన్లు ఆపేస్తారు. ముప్పై మంది వాయిద్యాలవాళ్ళు చొక్కా చేతులు మడిచి చెమటలు కక్కుతున్నారు. ముందు వరసలో వయొలిన్లకి పెద్ద ఓసిప్ బ్రాగిన్, ఒదెస్సా నుంచి వచ్చిన ముసలాయన, లిడియాని చిన్నప్పటి నుంచీ ఎరిగున్నవాడు.

"ఏమ్మాయ్, మీ ఆయన ఇవాళ ఎవరినీ తిట్టడం లేదు. ఒంట్లో బాగాలేదా?" అన్నాడు ఓసిప్.

"మా ఆయన కాదు. మాజీ," అంది లిడియా.

"మాజీవాళ్ళకి ఒంట్లో బాగుండకపోవచ్చుగా?"

మొదటి మూడు పాటలూ వెన్నలా సాగిపోయాయి. మధ్యలో మాంసం ముక్కలు పెట్టిన పాస్ట్రామీ రొట్టెలు, ఊరగాయ దోసకాయలు వచ్చాయి. అందరూ తిన్నారు, లిడియా తినలేదు. ఫ్లాస్కులోని తేనె టీ గుక్కగుక్కగా మింగుతూ కూచుంది. ఇప్పుడైనా లేచి మోర్ట్ దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పొచ్చు. కానీ ముప్పై మంది ముందు కాగితాలు పరిచేశాక చెప్పి ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. వాయిద్యాలు నడిపించే ఎత్తు బల్ల మీద నిలబడి మోర్ట్ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆవిడ వైపు రెండుసార్లు చూశాడు. ఆవిడ ఫ్లాస్కు మూత వైపు చూసింది.

దీపం వెలిగింది. వయొలిన్లు మెత్తగా అందుకున్నాయి. నిజం చెప్పాలంటే అంత అందంగా ఆ పాటకి ఎవరూ రాయలేదు. సందు చివర లైటు కింద ఇద్దరు నడుస్తున్నట్టే ఉంది. లిడియా పాడింది. "ఇల్లొచ్చింది, అయినా..." దాకా బాగానే ఉంది. "ఇంకో" దగ్గర గొంతు చీరుకుపోయింది.

"మళ్ళీ," అన్నాడు మోర్ట్, మామూలుగా.

రెండోసారి అందింది గానీ పీలగా, గోడ మీద గోరు గీసినట్టుగా అందింది. మూడోసారి అదీ లేదు. ఎవరూ లిడియా వైపు చూడలేదు. ముప్పై మందీ ఒక్కసారిగా తమ కాగితాల్లో ఏదో కొత్త సంగతి కనిపెట్టినట్టు తలలు దించుకున్నారు. అలా దించుకున్నందుకే ఆవిడకి ఏడుపొచ్చింది. అయిపోయింది, ఇక్కడితో అయిపోయింది, రేపు సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, అనుకుంది.

అద్దాల గదిలో కంపెనీ తరఫున కూచున్న కుర్రవాడు వారెన్ కట్లర్. మంచివాడే, మర్యాద తెలిసినవాడే. మైకులో వాడి గొంతు హాలంతా వినిపించింది.

"మేడమ్, ఏమీ అనుకోకండి. టైమ్ అయిపోతోంది. ఈ పాట వదిలేసి వేరేది చూద్దామా? మీ గొంతుకి ఇది..."

మోర్ట్ చేతిలోని పుల్లతో స్టాండు మీద టకటకా కొట్టాడు.

"గొంతు కాదు బాబూ. శ్రుతి. తప్పు నాది."

ఓసిప్ వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని నోరు తెరిచాడు. ఎవరిదైనా పిల్లి మాట్లాడినా ఆయన అంత ఆశ్చర్యపోయేవాడు కాదు.

"ఈ పాట మూడు మెట్లు కింద, రెండులో పాడాలి. బుద్ధి లేక నాలుగులో రాశాను. ఇంటికెళ్ళాక చూసుకుని వేరే రాసి తెచ్చాను. తీరా పంచేటప్పుడు పాతవి పంచాను. మతిమరుపు. ఇవిగో, ఇవి పెట్టుకోండి," అంటూ బల్ల కింద నుంచి తోలుసంచి తీసి కాగితాలు తానే పంచుతూ వరసల మధ్య తిరిగాడు.

లిడియా మైకు ముందు నిలబడిపోయింది. ఓసిప్ స్టాండు మీద పడ్డ కాగితం కనిపించింది. ఒక్కొక్క వాయిద్యానికీ విడిగా కాగితాలు కాపీ రాసేవాళ్ళ గుండ్రటి రాత కాదు. కోడి గీకినట్టుండే మోర్ట్ రాత. పక్కవాడిదీ అదే, ఆ పక్కవాడిదీ అదే. ముప్పై మందికీ కూచుని తన చేత్తో రాశాడు. కాపీ రాసేవాళ్ళకి ఇస్తే మధ్యాహ్నానికల్లా యూనియన్ హాలంతా "లిడియా గొంతు దిగిందట" అని చెప్పుకుంటుంది. అందుకని వాళ్ళకి కూడా తెలియనివ్వలేదు. ఫోన్‌లో "పాత శ్రుతే" అన్ననాడే అతనికి అంతా అర్థమైంది. మళ్ళీ షికాగో చెయ్యకూడదని, ఆవిడ అడిగితేనే సంచి విప్పుదామని మూతి బిగించుకుని కూచున్నాడు. ఆవిడ అడగలేదు. అడగకుండానే తప్పు నెత్తిన వేసుకున్నాడు.

మోర్ట్ బల్ల ఎక్కాడు. ఆవిడ వైపు చూసి, "ఎంత?" అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. లిడియా రెండు వేళ్ళు చూపించింది.

పాడింది. ఇరవై నాలుగేళ్ళప్పుడు ఆ పాటని ఇంట్లోకి వెళ్ళడం ఇష్టంలేని పిల్లలా పాడేది. ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరని తెలిసిన మనిషిలా పాడింది. "ఇంకో" దగ్గర గొంతు ఎగరలేదు. ఎగరాల్సిన అవసరం పడలేదు. నిండుగా, కాస్త బొంగురుగా, అడిగే మాట అడిగినట్టుగా వచ్చింది. మోర్ట్ చెయ్యి గాల్లోనే ఆగింది, ఒక్క క్షణం తాళం మరిచిపోయాడు. ఓసిప్ చూసుకుని నడిపించేశాడు.

ఆఖరి తీగ పైకప్పు దాకా వెళ్ళి ఆగింది. వయొలిన్లవాళ్ళు కమానులతో స్టాండ్ల మీద తట్టారు. వాళ్ళ చప్పట్లు అవే.

"అద్భుతం మేడమ్," అంది మైకు. తర్వాత, నవ్వుతూనే, "మోర్ట్ గారూ, మీరు మాత్రం ఈసారి శ్రుతి ముందే చూసుకుని రండి సార్. టైమ్ అంతా పాడైంది," అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"అలాగే," అన్నాడు మోర్ట్.

కోడిగుడ్డు ఎంతసేపు ఉడకాలన్న దాని మీద హోటల్ సర్వరుతో పోట్లాడే మనిషి. కొడుకు వయసువాడు ముప్పై మంది ముందు చీవాట్లు పెడితే, అలాగే అన్నాడు. లిడియా ఇంక ఓర్చుకోలేకపోయింది.

"ఎవరూ లేవకండి," అంది మైకులోకి. "శ్రుతి పెట్టింది మోర్ట్ కాదు. నేను. అతను ఫోన్ చేసి అడిగాడు, పాత శ్రుతే అని చెప్పాను. అబద్ధం చెప్పాను. నా గొంతు దిగింది, ఏడాదయింది. తప్పు నాది."

చెప్పేసి స్టూలు మీద కూచుంది. ఓసిప్ ముందుగా కమానుతో తట్టాడు. తర్వాత అందరూ తట్టారు, పాటకి తట్టినదానికంటే గట్టిగా.

మోర్ట్ కళ్ళద్దాలు తీసి మళ్ళీ తుడుచుకున్నాడు. అద్దాల గది వైపు తిరిగాడు.

"బాబూ, టేపు తిరుగుతోందా?"

"తిరుగుతూనే ఉంది సార్. ఆపడం మర్చిపోయాం."

"ఆ చివరి ముక్క కత్తిరించి నాకివ్వు. పన్నెండేళ్ళ నుంచి దాని కోసమే చూస్తున్నాను."

హాలంతా గొల్లున నవ్వింది. లిడియా కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. "నీ ముక్క కూడా అందులోనే ఉందిలే. ముందు నీదే ఉంది," అంది.

అందరూ పెట్టెలు సర్దుకుని వెళ్ళాక వారెన్ ఒక చిన్న టేపు చుట్ట తెచ్చాడు. ముందు మోర్ట్ తప్పు, తర్వాత పాట, చివర లిడియా తప్పు, అన్నీ వరసగా దాని మీద ఎక్కించాడు. ఎవరికివ్వాలో తెలియక ఇద్దరికీ మధ్య పట్టుకుని నిలబడ్డాడు.

"ఆవిడకే ఇవ్వు," అన్నాడు మోర్ట్.

"నేనేం చేసుకోను? మెషీను నువ్వు పట్టుకుపోయావుగా," అంది లిడియా. అన్నదే గానీ చుట్ట మాత్రం తీసుకుని చేతిసంచిలో వేసుకుంది.

వీధిలోకి వచ్చారు. ఇంకా ఎండ ఉంది. మోర్ట్ టాక్సీ కోసం చెయ్యెత్తబోయి దించేశాడు.

"పియానో ఎలా ఉంది?" అన్నాడు.

"ముట్టుకునేవాళ్ళు లేరు. మూడేళ్ళుగా శ్రుతి చేయించలేదు. అదీ దిగిపోయింది."

"ఎంత దిగింది?"

లిడియా చేతిసంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"మెషీను పట్టుకుని వచ్చి నువ్వే చూసుకో," అంది. "ఈసారి ఫోన్‌లో చెప్పను."