తువ్వాలు ఊపేదాకా

మా బావ ఆనందరావు బందరులో కొడుకు ఇంట్లో, ఆదివారం ఆరాధనకి వెళ్ళడానికి చొక్కా తొడుక్కుంటూ పోయారు. ఒక చెయ్యి చొక్కాలో ఉంది, రెండోది ఇంకా బయటే ఉంది. బాధేమీ పడి ఉండరని డాక్టరు అన్నాడట. గుడివాడ నుంచి బస్సులో వస్తున్నంతసేపూ నేను ఆ ఒక్క మాటనే పట్టుకుని కూర్చున్నాను.

నేను వెళ్ళేసరికి బావ పిల్లలు, అన్నాచెల్లెళ్ళిద్దరూ, ఎక్కడ సమాధి చెయ్యాలన్న దగ్గర ఆగిపోయి ఉన్నారు.

"బందరులోనే పెడదాం మావయ్యా," అన్నాడు జాషువా. "ఇక్కడైతే ఇటుకలతో కట్టిన గుంట దొరుకుతుంది. ఈ వానల్లో దివిసీమ దాకా ఎందుకు?"

"అమ్మ అక్కడుంది," అంది వినీల. "అమ్మ పక్కనే అని నాన్న ఎన్నిసార్లు చెప్పలేదు?" నా వైపు తిరిగింది. "కానీ నీళ్ళల్లో పెట్టకండి మావయ్యా. నాన్న ఎవర్నీ అలా పెట్టనివ్వలేదు."

"పెట్టనమ్మా," అన్నాను.

దివిసీమలో మా ఊరి సమాధుల తోటలో రెండడుగులు తవ్వితే నీళ్ళు పడతాయి. ఉప్పెన వచ్చిన ఏడాది, పాతికేళ్ళ వయసులో, బావ తన తల్లిని ఆ తోటలోనే నీళ్ళు నిండిన గోతిలో పెట్టాల్సి వచ్చింది. మట్టి పడ్డప్పుడు వచ్చిన చప్పుడు గురించి నాతో ఒక్కసారే చెప్పారు. మళ్ళీ ఎత్తలేదు. తల్లి పోయాక బడికెళ్ళే వయసున్న చెల్లెల్ని బందరు తీసుకొచ్చి, జడలు వెయ్యడం కూడా నేర్చుకుని పెంచారు. ఆ చెల్లెలే నా భార్య. పెళ్ళయ్యాక కూడా తన జడ వదులుగా ఉందంటే, "అన్నయ్య వేస్తేనే బిగుతుగా ఉండేది," అనేది.

ఆయన బందరులో బడిపంతులు. మా ఊళ్ళో ఎవరు పోయినా సరే, కబురు అందగానే బస్సెక్కేవారు. పంచె ఎగ్గట్టి గోతిలోకి దిగి బకెట్లతో నీళ్ళు తోడేవారు. శవపెట్టెతో వచ్చినవాళ్ళు తోట గేటు దగ్గరే ఆగి పాట పాడుతూ ఉండాలి. చరణాలు అయిపోతే మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవాలి. గొయ్యి సిద్ధమయ్యాక బావ తువ్వాలు ఊపుతారు. అది ఊపేదాకా ఎవరూ లోపలికి అడుగు పెట్టకూడదు. ఇది ఆయన పెట్టిన పద్ధతే. పెట్టె దించాక, "గట్టిగా పాడండమ్మా, గట్టిగా," అని ఆడవాళ్ళని తొందరచేసేవారు. ఆయనకి రాగం రాదు. రాగం రానివాడికే పాట పిచ్చి ఎక్కువని మేమంతా నవ్వుకునేవాళ్ళం.

"పెళ్ళికి రమ్మంటే సెలవు లేదంటారు. చావు అంటే మాత్రం చెప్పులు వెతుక్కోకుండా బస్సెక్కేస్తారు," అని ఆయన భార్య రాహేలక్క సాధించేది.

"పెళ్ళికి నేను లేకపోయినా భోజనాలు ఆగవు రాహేలూ," అనేవారు.

నా భార్య పోయింది కూడా వానల్లోనే. అప్పటికే ఆయనకి మోకాళ్ళు పనిచెయ్యడం లేదు. అయినా దిగారు. తువ్వాలు ఊపాక వెళ్ళి చూస్తే, గోతి అడుగున పసుపుపచ్చటి ఎండుగడ్డి ఒత్తుగా పరిచి ఉంది, కొత్త పరుపులాగా. ఆమె పొడినేల మీద పడుకుందన్న ఆలోచన ఒక్కటే ఇన్నేళ్ళూ నాకు నిద్రపట్టించింది.

సోమవారం పొద్దున్న, పెట్టె కంటే ముందుగా నేను ఊరు చేరాను. తోటకి మూడు వైపులా ఇప్పుడు రొయ్యల చెరువులే. చెరువులో నీటి మట్టం సమాధుల కంటే ఎత్తులో ఉంది. గోతులు తవ్వే నరసింహం అప్పటికే రాహేలక్క పక్కన తవ్వుతున్నాడు. గోతిలో నీళ్ళు టీ రంగులో ఊరుతున్నాయి.

చెరువు యజమాని గోవర్ధనరావుని అడిగాను.

"పెద్ద మేస్టారికి కాదంటానా అండీ? కానీ ఇప్పుడు నీళ్ళు దించితే రొయ్య మిగలదు. ఇంజను పంపిస్తాను, తోడుకోండి," అన్నాడు.

అన్నట్టే పంపించాడు. ఇంజను ఆడినంతసేపూ నీళ్ళు దిగాయి. ఆపిన మరుక్షణం నాలుగు పక్కలనుంచీ మళ్ళీ ఊరాయి. గేటు దగ్గర పాట మొదలైంది. నేను బావ తువ్వాలు భుజాన వేసుకుని గోతిలోకి దిగాను. నరసింహమూ నేనూ తోడుతూనే ఉన్నాం. పాట ఒకసారి పూర్తయి మళ్ళీ మొదటికొచ్చింది.

"ఇంక చాలండి బాబూ. పైకి రండి," అన్నాడు నరసింహం.

"ఇంకాస్త తోడదాం."

"ఎంత తోడినా ఇంతేనండి. చెరువులొచ్చాక ఈ తోటలో ఏ గొయ్యి ఆరిందండి?"

"మా ఆవిడప్పుడు ఆరిందిగా?"

అతను గట్టు మీద పడేసి ఉన్న గడ్డి మోపుల వైపు చూశాడు.

"చెప్పు నరసింహం."

"చెప్పొద్దన్నారండి ఆయన." బకెట్టు పక్కన పెట్టాడు. "మోకాలి దాకా ఉన్నాయండి ఆ రోజు. ఏడ్చారండి గోతిలో నిలబడి. తర్వాత, గడ్డి మందంగా వెయ్యి, మా బావ చూస్తాడు అన్నారు. పాట గట్టిగా పాడమనేది కూడా అందుకేనండి. మట్టి పడితే చప్పుడొచ్చుద్దిగా."

నా భార్య సమాధి నాలుగు సమాధుల అవతల, చెరువు గట్టుకి ఆనుకుని ఉంది. దాని మీద పాకుడు పట్టింది. నేను చాలాసేపు అటే చూశాను. గేటు దగ్గర పాట మూడోసారి మొదలైంది. ఆడవాళ్ళ గొంతులు అలిసిపోతున్నాయి.

"మోపులు ఇలా అందించు," అన్నాను.

ఇద్దరం కలిసి పరిచాం. కింది వరస తేలింది. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి వేస్తే అడుగు కనపడటం మానేసింది. నరసింహం చెయ్యిచ్చి నన్ను పైకి లాగాడు. భుజం మీది తువ్వాలు తీసి ఊపాను.

పెట్టె దించేముందు వినీల అంచు దాకా వచ్చి లోపలికి తొంగి చూసింది.

"పొడిగా ఉందా మావయ్యా?"

"ఉందమ్మా."

జాషువా నా ప్యాంటు చూశాడు. తొడల దాకా తడిసి బురద కారుతోంది. చెల్లెలి భుజాల చుట్టూ చెయ్యి వేసి, నెమ్మదిగా అవతలికి తిప్పాడు.

తాళ్ళు వదిలారు. నరసింహం పార నిండా మట్టి తీసుకుని నా వైపు చూస్తూ ఆగాడు.

"గట్టిగా పాడండమ్మా," అన్నాను. "గట్టిగా."

పాడారు. వినీల అందరికంటే గట్టిగా పాడింది. గోతికి అందరికంటే దగ్గరగా ఉన్నది నేనే. నాకు ఆ చప్పుడు వినపడింది.