నా నెత్తి మీద అరచేయి

నేను నీళ్లు తోడే ఆయిలింజనును. ఇప్పుడు నన్ను చూస్తే ఆ మాట ఎవరూ నమ్మరు. జోగినాయుడి పశువులపాక పక్కన తుప్పు పట్టి, కోళ్లు ఎక్కి కూర్చోవడానికి పనికొస్తున్నాను. నమ్మకపోయినా బాధ లేదు. నమ్మనివాళ్ల మధ్యనే బతికాను.

నన్ను పోత పోసిన ఫ్యాక్టరీలోనే మొదటి అనుమానం ఎదురైంది. తొలిసారి నడిపి చూసినవాడు, నేనేదో దాస్తున్నట్టు చెవి ఆనించి విన్నాడు. తరవాత ఒక కంట్రాక్టరు ఏళ్ల తరబడి వాడుకుని, "పెద్దగా నడవనేలేదు" అని ఒట్టేసి తవిటినాయుడికి అమ్మాడు. తవిటినాయుడు ఆ ఒట్టు నమ్మలేదు. వంగి నా అడుగు కూడా చూసి, అప్పుడు కొన్నాడు.

అతని పొలం కాకిగెడ్డ ఒడ్డున. కొండల్లో పుట్టిన వాగు అది. వస్తే గట్లు కోసుకుంటూ వస్తుంది, లేకపోతే రాళ్లు తప్ప ఏమీ ఉండవు. ఆ ఏడు ఆషాఢం వెళ్లిపోతున్నా చినుకు లేదు. గెడ్డ ఎండేకొద్దీ నన్ను గట్టు మీంచి రాళ్లలోకి, రాళ్లలోంచి ఇసకలోకి దించారు. చివరికి ఒక్క మడుగు మిగిలింది. ఎగువ అంచున జోగినాయుడి ఇంజను, దిగువ అంచున నేను. జోగినాయుడు మా తవిటినాయుడి భార్య దాలమ్మకు అన్న. పొద్దుటి వంతు అతనిది, సాయంత్రం వంతు మాది. ఆ తడి అందకపోతే మా ఆకుమడి, అదే వరి నారుమడి, మాడిపోతుంది. మళ్లీ చల్లడానికి ఇంట్లో విత్తనం లేదు.

వంతు కానప్పుడు ఇంజను నడిచిందో లేదో తెలుసుకోవడానికి వాళ్లకు తెలిసింది ఒకటే దారి. జోగినాయుడు అటుగా పోతూ నా నెత్తి మీద అరచేయి పెట్టేవాడు. దూరం నుంచి చూస్తే జ్వరం వచ్చిన బిడ్డను చూస్తున్నాడనుకోవాలి. అతని ఇంజను దగ్గర తవిటినాయుడూ అంతే.

"ఏటి బావా, నా ఇంజనుకి జొరమొచ్చిందేటి?" అనేవాడు జోగినాయుడు.

"నేదు బావా. ఎండలో ఉంది కదా, ఎలాగుందోనని."

"నాకు జొరమొచ్చినప్పుడు ఒక్కనాడైనా ఇలాగ సూసినాడా ఈ మనిసి!" అని గట్టు మీంచి దాలమ్మ నవ్వేది.

ఒక మధ్యాహ్నం తవిటినాయుడు నన్ను దొంగతనంగా నడిపి, తరవాత నెత్తి మీద తడిగోనె కప్పాడు. జోగినాయుడు వచ్చి చేయి పెట్టాడు. చల్లగానే ఉన్నాను. వెళ్లబోతూ అరచేయి చూసుకున్నాడు. తడి. పంచెకు తుడుచుకుని వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు అతని ఇంజను నెత్తి కూడా చెమ్మగా కనిపించింది. మా తవిటినాయుడూ చేయి తుడుచుకుని వచ్చేశాడు. పైకి పలకరింపులు మాత్రం ఎప్పటిలాగే సాగాయి.

ఆ రోజు సాయంత్రం మా వంతు. నేను నడుస్తున్నాను. మా మీద ఆకాశం శుభ్రంగా ఉంది. ఎగువ గట్టు మీంచి జోగినాయుడు కేక పెట్టాడు.

"బావా! కొండ మీద కుండపోత కురిసింది. గెడ్డ పొంగి దిగతంది. ఇంజను పైకి లాగీ!"

"నా వంతు టయానికే నీకు వాన కనపడిందేటి?"

"నాది ఎప్పుడో ఒడ్డుకి తెచ్చీసినాను, కావాలంటే సూసుకో!"

"తడిగోనె కూడా తెచ్చీసినావా?"

అప్పటికే నా గొట్టంలోకి ఎర్రటి బురద వస్తోంది. నాకు తెలుసు. చెప్పడానికి నోరేది? జోగినాయుడు పరుగున దిగి వచ్చి నా గొట్టం విప్పబోయాడు. తవిటినాయుడు అతని చొక్కా పట్టుకున్నాడు.

"సెయ్యి తియ్యి బావా! నాను ఇంజను లాగీస్తే నువ్వు మడుగు తోడేద్దామని!"

"ఓలమ్మో, రాళ్లు దొర్లుతన్నాయి! ఇనపడనేదా మీకు!" గట్టు మీంచి దాలమ్మ అరిచింది.

అప్పుడు విన్నారు. చూస్తుండగానే నీళ్లు నడుము దాకా లేచాయి. తవిటినాయుడు నన్ను పట్టుకుని వదలలేదు. జోగినాయుడు అతని వేళ్లు ఒక్కొక్కటే ఊడదీసి, జుట్టు పట్టి ఒడ్డుకు ఈడ్చాడు. నేను కాసేపు నడుస్తూనే ఉన్నాను. తరవాత గొంతులోకి నీళ్లు వచ్చాయి.

గెడ్డలో వరద తీశాక ఇద్దరూ నన్ను కింది మలుపులో ఇసకలోంచి తవ్వి, బొంగుకు కట్టి మోసుకొచ్చారు. మెకానిక్ చూసి తల అడ్డంగా ఊపాడు. జోగినాయుడి పాక దగ్గరే దించేశారు. మా ఆకుమడి ఇసక కింద పోయింది. జోగినాయుడి మడి మెరక మీద ఉండి బతికింది. తన ఆకులో సగం ఇచ్చాడు. తవిటినాయుడు కళ్లనీళ్లతో తీసుకున్నాడు. తీసుకుంటూనే ఒక కట్ట విప్పి లోపల కుళ్లిందేమో చూశాడు.

ఈ ఏడు మళ్లీ మడుగే మిగిలింది. తవిటినాయుడు వేరే ఇంజను తెచ్చుకున్నాడు. మొన్న అతని వంతులోనే జోగినాయుడు మళ్లీ కేక పెట్టాడు, కొండ మీద వాన అని. తవిటినాయుడు ఒక్క మాట కూడా అడగలేదు. దాలమ్మా అతనూ ఇంజనును గట్టు మీదికి లాగేశారు.

నీళ్లు రాలేదు.

ఆ రోజే పొద్దు వాలుతుండగా తవిటినాయుడు ఇక్కడికి వచ్చాడు. జోగినాయుడి ఇంజను కూడా పాక ముందే ఉంది. పలకరించకుండా దాని నెత్తి మీద అరచేయి పెట్టాడు. చాలాసేపు ఉంచాడు. తరవాత ఆ చేతిని వెలుతురులోకి ఎత్తి చూసుకున్నాడు.

"సల్లగుందా?" అన్నాడు జోగినాయుడు గుమ్మంలోంచి.

"సల్లగుంది."

"తడుందా?"

"నేదు."

ఇద్దరూ కొండ వైపు చూస్తూ నిలబడ్డారు. వెళ్లిపోతూ తవిటినాయుడు నా దగ్గర ఆగి, కోడిని అదిలించి, నా నెత్తి మీద కూడా చేయి పెట్టాడు. ఎన్నేళ్లుగా చల్లారి ఉన్నానో అతనికి తెలియదా? అయినా అరచేయి తిప్పి చూసుకున్నాడు.