కాలిన పెదవి

నోరంతా మంట.

బుగ్గల లోపలి చర్మం పొరలు లేచి నాలుకకు తగులుతోంది. గాలి పీల్చినా మంటే… ఉమ్మి మింగినా మంటే.

మెట్టుగూడలో ఎండ ఎక్కుతోంది. వీరయ్య ఇంటి ముందు, గేటు లోపల పాడె కడుతున్నారు. గోడవారన నిలబడి డేవిడ్ రాజు ట్రంపెట్ తుడుస్తున్నాడు — తుడిచిందే తుడుస్తున్నాడు.

అది పట్టడం నేర్పింది వీరయ్యే. ముప్పై ఏళ్లపాటు పెళ్లి బ్యాండుకు ముందు నడిచినవాడు. తాను కట్టిన బాణీ ఒకటి నేర్పి, "నన్ను తీస్కపోయేటప్పుడు గిదే కొట్టాలెరా. ఆఖర్ల పైస్వరం సుత," అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు.

వీరయ్య పోయాడని పొద్దున్నే కబురు వచ్చింది. కార్ఖానా బస్తీలోని తన గదిలో డేవిడ్ రాజు గ్లాసులో రమ్ము పోసుకున్నాడు. నీళ్లు కలపలేదు. నోట్లో పోసుకున్నాక ఏడుపు అడ్డం పడింది. మింగుడు పడలేదు. ఉమ్మేయనూ లేదు. నోరు కాలుతుంటే అలాగే పట్టుకుని కూర్చున్నాడు…

మళ్లీ పోసుకున్నాడు.

ఇప్పుడు మౌత్‌పీస్ ఆనితే సూదులు.

పైస్వరానికి పెదవి బిగించాలి. బిగిస్తే చిట్లుతుంది. చిట్లితే స్వరం పలకదు.

ఆయన అడిగింది ఈ ఒక్కటే.

వీరయ్య భార్య లచ్చమ్మ ఆడవాళ్ల మధ్య నుంచి లేచి వచ్చింది.

"ఏంది బిడ్డా, నోరు గట్లయింది?"

"ఏం లేదమ్మా. జెర కాలింది."

ఆమెకు వాసన తెలిసింది. లోపలికెళ్లి చిన్న గిన్నెలో నెయ్యి తెచ్చింది.

"రాస్కో."

రాసుకుంటే పెదవి జారుతుందేమోనని భయం. వద్దంటే ఆమె ఏమనుకుంటుందోనని భయం.

రాసుకున్నాడు.

పాడె లేచింది. డ్రమ్ము మెల్లగా మొదలైంది. డేవిడ్ రాజు ఊదాడు. మొదటి వరుస సాగింది. రెండోదీ సాగింది. చెమట… మంట… కళ్ల నిండా నీళ్లు. పైస్వరం దగ్గరికొచ్చింది. పెదవి బిగించాడు —

పగిలింది. స్వరమూ, పెదవీ.

గరగరమని ఏదో బయటికొచ్చి ఆగిపోయింది. డ్రమ్ము కూడా ఆగింది. మోసేవాళ్లు తిరిగి చూశారు. నోట్లో ఉప్పగా రక్తం. అతను తల ఎత్తలేకపోయాడు.

వెనుక గడపలోంచి లచ్చమ్మ గొంతు.

"మళ్ల కొట్టు బిడ్డా. ఆయన ఇంకా గేటు దాటలే."

మోసేవాళ్లు ఉన్నచోటే నిలబడ్డారు — భుజాల మీద వీరయ్యతో.

డేవిడ్ రాజు రక్తం మింగాడు.

ట్రంపెట్ ఎత్తాడు…