పలక మీది హాజరు

"రేపటి నుంచి రావద్దు" అని యజమాని మేస్త్రీ వెంకటేష్ చేత చెప్పించాడు. ఎదురుగా వచ్చి చెప్పలేదు. మార్కాపురంలో ఆయన పలకల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లు రాయి కోశాను.

రెండో రోజు వెంకటేషే తర్లుపాడులో మా ఇంటికి ఒక కాగితం తెచ్చాడు.

"సంతకం పెట్టు మామా. ఓనరు ఇరవై వేలిస్తాడంట."

చదివాను. ఆరోగ్యం బాగాలేక నా ఇష్టంతోనే మానుకున్నానని ఉంది.

"నా ఆరోగ్యానికి ఏమైంది?"

"ఏమో. రాసింది నేను కాదు."

"తెచ్చింది నువ్వే గదా."

పెట్టలేదు. లేబర్ ఆఫీసుకు పోయాను. ఆ సంతకం పెట్టి ఉంటే అంతటితో సరి అని ఆఫీసరమ్మ చెప్పింది. గడిచిన ఏడాదిలో రెండు వందల నలభై రోజులు పనిచేసినట్టు చూపితే ఊరికే తీసెయ్యడానికి లేదట. నెల ముందు నోటీసు ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం కట్టాలి.

"రుజువేముంది?" అని అడిగింది.

లేదు. మా హాజరు పలక మీద. పేరుకెదురుగా సుద్దముక్కతో గీత. శనివారం కూలి ఇచ్చి తడిగుడ్డతో తుడిచేస్తారు.

గురువారం వెంకటేష్ మళ్లీ వచ్చాడు. కూర్చోలేదు.

"తుడిచే ముందు పలకను ఫొటో తీసి ఓనరుకు పంపుతా గదా. ఏడాదివి ఫోన్లో ఉండాయి. నీకు పంపిస్తా."

"ఎందుకు?"

"ఎందుకేంది మామా."

"నిన్ను ఎవరు పంపినారు?"

"నీళ్లిచ్చినా వాసన చూసి తాగుతావు నువ్వు" అని నవ్వి, ఫొటోలు పంపి పోయాడు.

నా భార్య శ్రీశైలమ్మ అక్కడే పలకలకు చట్రాలు బిగించేది. దగ్గు ఎక్కువై గంట ఆలస్యంగా పోతే సగం రోజు కూలి కొట్టేసింది ఈ వెంకటేషే. నేను మరవలేదు.

గీతలు లెక్కపెట్టాను. రెండు వందల యాభై ఒకటి. మళ్లీ పెట్టాను. అప్పుడు కనబడింది. ఆగస్టులో శ్రీశైలమ్మ పోయిన రోజు కూడా నా పేరుకెదురుగా గీత ఉంది. పెద్దకర్మ దాకా పది గీతలు. ఆ పది రోజులు నేను ఫ్యాక్టరీ గడప తొక్కలేదు. కూలి పూర్తిగా వచ్చింది గాని, చూసుకునే స్థితిలో లేను.

ఉచ్చు అనుకున్నాను. ఆమె మరణ ధ్రువపత్రం ఒకటి తెస్తే చాలు, ఫొటోలన్నీ దొంగవని యజమాని వకీలు తేల్చేస్తాడు.

తెల్లారి వెంకటేష్ ఇంటికి పోయాను.

"ఆ పది గీతలు ఎవరు పెట్టమన్నారు?"

నేల చూశాడు. "ఎవరూ చెప్పలే. కూలి పోతాదని నేనే పెట్టినా. అత్తకు సగం రోజు కొట్టినా గదా, అది మనసులో ఉండె."

నిజమో కాదో తెలియదు. ఇప్పటికీ తెలియదు. పది పోతే రెండు వందల నలభై ఒకటి.

"ఆ పది రోజులు రాలేదని నేనే రాసిస్తా. ఆ కూలి తిరిగి కడతా. మిగిలిన గీతలు నిజమని నువ్వు వచ్చి చెప్పాల. సోమవారం పదింటికి."

"చెప్తే నా పని కూడా పోతాది మామా."

"పోతాది."

"నన్ను నమ్ముతుండావా?"

"లేదు. ఫోన్ మర్చిపోవద్దు."

సోమవారం తొమ్మిదికే పోయి ఆఫీసు గేటుకు ఎదురుగా కూర్చున్నాను. పది దాటాక ఆటో ఆగింది. వెంకటేష్ దిగాడు. అతని వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని చూశాను. ఎవరూ దిగలేదు.

అప్పుడు లేచాను.