రెండో చీటీ

నాకు కోపం ఎక్కువని కలకత్తా పక్కన మా లిలువా రైల్వే వర్క్‌షాపులో అందరికీ తెలుసు. నోరు పెద్దదైనా అబద్ధాలాడే మనిషిని కాదని మాత్రం నన్ను నేను మెచ్చుకునేవాణ్ణి. కన్నకూతురి చదువు దగ్గర ఆ ముచ్చటా తీరిపోయింది.

మా హెప్సీకి ఇంటర్లో మంచి మార్కులొచ్చాయి. రెండుచోట్ల సీటొచ్చింది. భవానీపూర్‌లో నర్సింగు, కాలేజ్ స్ట్రీట్ వైపు ఒక కాలేజీలో జియాలజీ. పిల్ల జియాలజీ అంటుంది, నేను నర్సింగంటాను. మా చెల్లెలు మేరీరాణి రైల్వే ఆసుపత్రిలో నర్సు. ఉద్యోగం కోసం ఒక్కరోజు వెతుక్కోలేదు. సుత్తి పట్టుకుని రాళ్లు కొట్టుకుంటూ కొండల వెంట తిరిగే చదువేమిటి, ఆడపిల్లకి? నెలరోజులు ఇంట్లో ఇదే అరిచాను. అదీ నా కూతురే, తగ్గలేదు.

ఏ సంగతీ తెగనప్పుడు మా ఇంట్లో చీట్లు వేస్తాం. విజయనగరం నుంచి మా నాన్న తెచ్చుకున్న ఆచారం. ఉపవాసముండి, రెండు చీట్లు రాసి, బైబిల్లో పెట్టి, ప్రార్థన చేసి ఒకటి తీయాలి. తీసింది దేవుడి మాట. మిగిలినదాన్ని విప్పకుండా పొయ్యిలో వేసేయాలి. విప్పితే దేవుణ్ణి అనుమానించినట్టు.

రాసేది ఇంటి పెద్ద. అంటే నేను. వంటింటి గట్టు మీద పెట్టుకుని, రెండింటి మీదా నర్సింగనే రాశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

హెప్సీ కళ్లు మూసుకుని ఒకటి తీసింది. తెలుగు కూడబలుక్కుని చదివింది. ఏడవలేదు. "సరే డాడీ" అంది. రెండోది నేనే మంట మీద పెట్టాను.

ఆ ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. "నాకు వేరే చదువు మీద ఆశుండేది. దేవుడు నాతో మాట్లాడినాడు. ఇప్పుడు నాకు భయం లేదు" అంది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను! వెధవని, అందరికన్నా గట్టిగా అన్నాను.

అప్పట్నుంచి నాకు తిండి సయించలేదు.

"ఏటండీ ఆ మొహం? పిల్ల మీ మాటే విన్నాది కదా, ఇంకేటి?" అని మా ఆవిడ విజయ కుమారి దెప్పేది. నా మాట అని వినలేదే, దేవుడి మాట అని విన్నాది. ఆ ముక్క పైకి అనలేకపోయాను.

శుక్రవారం హౌరా దాకా లోకల్లో, అక్కణ్ణుంచి బస్సులో భవానీపూర్ వెళ్లాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేస్తే అవి నాలుగేళ్లూ వాళ్ల బీరువాలోనే. ఇక జియాలజీ మాట మర్చిపోవలసిందే. లైన్లో మా ముందు ముగ్గురున్నారు.

"డాడీ, మొదట్లో బాగా ఏడుపొచ్చీసింది. మీకు చెప్పనేదు" అంది హెప్సీ. "ఇది చూసుకుంటే ధైర్యంగా ఉంటాది." ఫోను కవరులోంచి చిన్న కాగితం తీసి చూపించింది. ఆ చీటీయే. నా చేతిరాత.

ఇద్దరయ్యారు. ముగ్గురూ అయిపోయారు. బల్ల వెనకాయన "దిన్, కాగొజ్ దిన్" అని కాగితాల కోసం చెయ్యి చాపాడు. హెప్సీ ఫైలు తెరుస్తోంది.

"ఒక్క నిమిషం దాదా" అని పిల్ల చెయ్యి పట్టుకుని బయట మెట్ల మీదికి లాక్కొచ్చేశాను.

"ఏటి డాడీ! లైను పోతాది!"

"రెండో చీటీ మీద కూడా నర్సింగే రాసినానమ్మా."

అర్థం కానట్టు చూసింది. ఇంకోసారి చెప్పాను. అప్పుడు అర్థమైంది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బావుండేది. ఫోను కవరులోంచి ఆ కాగితం తీసి నా చొక్కా జేబులో పెట్టేసింది.

"ఆ కాలేజీలో ఇవాళ నాలుగింటిదాకా తీసుకుంటారు" అంది.

భయం లేదన్న పిల్ల ఆ గడువుని గంటతో సహా గుర్తుపెట్టుకుంది.

మెట్రో ఎక్కాం. మూడున్నరకి జియాలజీ వాళ్ల కిటికీలో సర్టిఫికెట్లు ఇచ్చింది. రసీదు మడిచి తన సంచిలోనే పెట్టుకుంది.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, రా అమ్మా" అని బతిమాలి ఎదురుగా లూచీలు, అదే మైదా పూరీలు, అమ్మే కొట్లోకి తీసుకెళ్లాను. వచ్చింది, కూర్చుంది. ప్లేట్లు వచ్చాయి. ఎక్కడ తిన్నా ముందు నాలుగు ముక్కలు ప్రార్థన చేయడం మాకు అలవాటు. పైకి చెప్పేది ఎప్పుడూ నేనే. తల వంచి "పరలోకమందున్న తండ్రీ" అన్నానో లేదో, హెప్సీ నా మణికట్టు పట్టుకుంది.

"వొద్దు డాడీ. నా గురించి మీరు అడగొద్దు. ఆయన ఏటంటాడో నేనే వినుకుంటాను."

మెల్లిగానే అంది. కోపంగా అన్నా తట్టుకునేవాణ్ణి. తర్వాత తనే తల వంచుకుంది. పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. చాలాసేపు చేసింది. అందులో నన్ను కలుపుకుందో లేదో తెలియలేదు. అడిగే ముఖం నాకు లేదు.